ఓటు గుట్టు

వేములవాడ ఓటర్లు 2009 నుంచి 2018 దాకా, ఉప ఎన్నికతో కలిపి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిపించిన చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు తేల్చింది. తీర్పు వచ్చేసరికి 2024 డిసెంబరు. ఆయన పదవీకాలాలన్నీ అప్పటికే పూర్తయ్యాయి. కోర్టు విధించిన 30 లక్షల రూపాయల ఖర్చుల్లో 25 లక్షలు ఏళ్ల తరబడి పోరాడిన ప్రత్యర్థి ఆది శ్రీనివాస్‌కు ఇమ్మంది. ఓటరుకు మాత్రం దక్కిందేమీ లేదు.

పార్టీల డబ్బు సంగతీ అంతే. అవి విదేశీ విరాళాలు తీసుకోకూడదని 1976 నుంచే చట్టముంది. వేదాంత సంస్థల నుంచి కాంగ్రెస్, బీజేపీ తీసుకున్నవి ఆ కోవలోవేనని 2014లో ఢిల్లీ హైకోర్టు అంది. 2018లో పార్లమెంటు 1976 నుంచే వర్తించేలా చట్టాన్ని సవరించింది. రెండు పార్టీలూ గట్టెక్కాయి.

ఇక నిఘా సంగతి. నక్సలైట్ల ఆచూకీ తీయడమే తెలంగాణ పోలీసుల ప్రత్యేక నిఘా విభాగం ఎస్ఐబీ అసలు పని. కరీంనగర్, ఆదిలాబాద్ అడవులు ఏళ్ల తరబడి దాని నిఘాలో ఉన్నాయి. అదే విభాగంలో అప్పటి ప్రతిపక్ష నేతల, జర్నలిస్టుల, వ్యాపారుల ఫోన్లు విన్నారని 2024 మార్చిలో కేసు నమోదైంది. మొదట అరెస్టయిన డీఎస్పీ అంతకుముందు సిరిసిల్లలో పనిచేశారు. అసెంబ్లీ ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాడే, 2023 డిసెంబర్ 4న, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది పోలీసుల అభియోగం. నిజానిజాలు కోర్టు తేల్చాలి. అడవిలో సాయుధుల కోసమని తెచ్చిన నిఘా ఊళ్లోకి రావడానికి ఎంతో దూరం లేదన్న భయం మాత్రం నాకుంది.

పత్రికలదీ ఇదే కథ. ఎన్నికల్లో డబ్బిచ్చి రాయించుకున్న వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల సంఘంలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వాళ్లిచ్చిన నివేదికలో పత్రికల పేర్లున్నాయి. కౌన్సిల్ దాన్ని కుదించి విడుదల చేసింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది.

చివరికి ఓటు కూడా గుట్టుగా లేదు. రహస్య ఓటు అంటాం గదా, లెక్కింపయ్యాక వచ్చే ఫారం 20 ఒకసారి తెరిచి చూడండి. అడ్డంగా అభ్యర్థుల పేర్లు, నిలువుగా పోలింగ్ కేంద్రాల నంబర్లు. ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో అందరికీ కనబడుతుంది. పట్నంలో ఒక వాడ ఓట్లు గుంపులో కలిసిపోతాయి. ఆదిలాబాద్ ఏజెన్సీలో అలా కాదు. ఒక గూడెం, దాని పక్కనున్న రెండు మూడు గూడేలు కలిస్తే ఒక బూత్. ఆ ఊళ్లు ఎటు మొగ్గాయో నాయకుడికి అంకెలతో సహా తెలిసిపోతుంది. బోరు ఎక్కడ వేయాలి, రోడ్డు ఎక్కడ ఆపాలి అన్నది ఆ కాగితం చూసి నిర్ణయిస్తే అడిగేదెవరు?

పేపర్ బ్యాలెట్ రోజుల్లో అనేక బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే వీలుండేది. ఈవీఎంలతో అది పోయింది. 14 యంత్రాల ఓట్లు ఒకేసారి కలిపి చూపే టోటలైజర్ వాడదామని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో సరేనంది. కేంద్రం మాత్రం సుప్రీంకోర్టులో ఒప్పుకోలేదు. ఏ బూత్‌లో ఎన్ని ఓట్లొచ్చాయో తెలిస్తే ఎక్కడ ఎక్కువ పనిచేయాలో పార్టీలకు తెలుస్తుందని వాదించింది. గూడెం జనం భయపడేది కూడా సరిగ్గా అందుకే.