డిగ్రీ అగ్గువకే వస్తది, అల్కగ రాదు

మా మండలంల నేను ఒక నెట్ సెంటర్ నడుపుతున్న. ఇంటర్ రిజల్ట్స్ వచ్చినంక నెల రోజులు పోరగాళ్లు, ఆడపిల్లలు ఎక్కువ అడిగే మాట ఒక్కటే. "అన్నా, కాలేజీకి పోకుండ డిగ్రీ చేస్తే చెల్లుతదా?" వీళ్లల్ల హార్వెస్టర్ డ్రైవర్లున్నరు, మెడికల్ షాపుల పనిచేసేటోళ్లున్నరు, చిన్నప్పుడే పెండ్లయి పిల్లల్ని సాదుకుంట సదువు మీద ఆశ చావని చెల్లెండ్లు సుత ఉన్నరు. అందరికి ఒక్కొక్కసారి చెప్పుడు కంటే ఒక్కపారే రాద్దామని కూసున్న.

చెల్లుతది. డౌటే లేదు. యూజీసీ పర్మిషన్ ఉన్న యూనివర్సిటీ నుంచి దూరవిద్యల గానీ, ఆన్‌లైన్‌ల గానీ చేసిన డిగ్రీ, పీజీలు రోజూ కాలేజీకి పోయి చేసినదానితోని సమానమని 2022 సెప్టెంబర్‌ల యూజీసీయే నోటీస్ ఇచ్చింది. అంటే గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు, "ఏదైనా డిగ్రీ" అని రాసిన నోటిఫికేషన్లకు మీరు అప్లై చెయ్యొచ్చు. అదే ఏడాది ఏప్రిల్‌ల ఇంకో మాట సుత చెప్పిన్రు: కాలేజీల ఒక డిగ్రీ చదువుకుంటనే, పక్కన దూరవిద్యల ఇంకొకటి చెయ్యొచ్చని.

అయినా మన ఊర్లల్ల ఓపెన్ డిగ్రీ అంటే "గదేం సదువు" అని మూతి ముడుస్తరు. అట్ల అనేటోళ్లకు ఒక ముచ్చట తెల్వదు. దేశంల మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది మన హైదరాబాద్‌లనే, 1982ల. అప్పుడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పుడు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. దానికి మొదటి వీసీ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి, మన కరీంనగర్ జిల్లా మనిషి. 1985ల ఢిల్లీల ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వీసీ ఆయననే. తర్వాత యూజీసీకే చైర్మన్ అయిండు. పొలంకాడ ఉన్నోడు, డ్యూటీల ఉన్నోడు, ఇల్లు దాటలేని ఆడామె సుత సదువుకోవాలన్న ఆలోచన మీద కట్టిన యూనివర్సిటీలు అవి. మనకోసం పెట్టినదాన్ని మనమే తక్కువ జేసి చూసుడు నాకు నచ్చదు.

ఇగ అసలు లెక్కలకు వస్త. దూరవిద్య వేరు, ఆన్‌లైన్ వేరు. దూరవిద్యల పుస్తకాలిస్తరు, స్టడీ సెంటర్‌ల సెలవు రోజులల్ల క్లాసులు ఉంటయ్, పరీక్ష సెంటర్‌కు పోయి రాయాలె. ఆన్‌లైన్ కోర్సుల పాఠాలు, క్లాసులు ఫోన్లనో కంప్యూటర్లనో నడుస్తయ్. పరీక్షకు మాత్రం సెంటర్‌కు పోవాలె, లేకుంటే కెమెరా నిఘాల రాయాలె. రెండింటికి విలువ ఒక్కటే. ఊర్లె సిగ్నల్ సరిగ లేనోళ్లకు నేను దూరవిద్యనే చెప్త. పుస్తకం చేతిల ఉంటే కరెంటు పోయినా సదువు ఆగదు.

తెలుగు మీడియంల చదివినోళ్లకు అంబేద్కర్ వర్సిటీ మంచిగుంటది, పుస్తకాలు తెలుగుల ఉంటయ్, పరీక్ష తెలుగుల రాయొచ్చు. టీ-శాట్ చానల్ల వాళ్ల పాఠాలు సుత వస్తయ్. ఇగ్నోల పుస్తకాలు ఎక్కువ ఇంగ్లీష్, హిందీలనే ఉంటయ్. గానీ ఇగ్నోకు దేశమంత పేరున్నది, అడ్మిషన్లు జనవరిల ఒకసారి, జులైల ఒకసారి రెండు మార్ల తీస్తరు, పుస్తకాలన్ని ఈజ్ఞానకోశ్ అనే సైట్‌ల పుణ్యానికి దొరుకుతయ్. చేరకముందే రెండు పాఠాలు దింపుకొని చదివి చూడుండ్రి. ఆ ఇంగ్లీష్ మీకు ఎక్కుతదా లేదా అనేది గంటల తెలిసిపోతది. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర దిక్కు ఆంధ్రా యూనివర్సిటీ, నాగార్జున యూనివర్సిటీలకు సుత దూరవిద్య సెంటర్లు ఉన్నయ్.

పైసలు ఎంతైతయ్? సాదా బీఏ, బీకాంకు సర్కారు ఓపెన్ యూనివర్సిటీలల్ల ఏడాది ఫీజు ఐదు వేల అటుఇటు ఉంటది. ప్రాక్టికల్స్ ఉన్న సైన్సు కోర్సులకు ఇంకొంత ఎక్కువ. ఇగ్నోల కొన్ని కోర్సులకు ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఫీజు మాఫీ సుత ఉన్నది, గానీ ఒక్క కోర్సుకే అడగాలె. అయితే ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. పరీక్ష ఫీజు పేపర్‌కు ఇంతని విడిగ కట్టాలె. బస్సు కిరాయి ఉంటది, జిరాక్సులు ఉంటయ్. అన్నింటికంటే పెద్ద ఖర్చు పరీక్ష రోజులల్ల పోయిన కూలి. పది రోజులు పనికి పోకుంటే ఎంత పోతదో మీకు నేను చెప్పే పనిలేదు. అది సుత లెక్కల వేసుకొని దిగాలె.

నేను సుత డిగ్రీ గిట్లనే చేసిన, ఈ దుకాణంల కూసోనే. పగలు గిరాకీ, రాత్రి షట్టర్ సగం దించి పుస్తకం. నా అనుభవంల చదువు మధ్యల ఆగిపోయేది ఫీజు కాడ కాదు, అసైన్‌మెంట్ల కాడ. ఇగ్నోల చాలా సబ్జెక్టులకు 30 శాతం మార్కులు అసైన్‌మెంట్లకు, 70 శాతం పరీక్షకు. అసైన్‌మెంట్ అంటే ఇంటికాడ కూసోని పుస్తకం చూసి జవాబులు రాసి, చెప్పిన తారీఖు లోపల ఇచ్చుడు. సులువైన పని. అడిగే సారు లేడు, కొట్టే పంతులు లేడు కాబట్టే ఎనకపడ్తది. అసైన్‌మెంట్ మార్కులు లేకుంటే పరీక్షల ఎన్ని మార్కులొచ్చినా ఆ సబ్జెక్టు పూర్తి కాదు.

ఇంకో చిక్కు ఉన్నది, పట్నపోళ్లకు అది సమజ్ కాదు. ఇగ్నో పరీక్షలు జూన్‌ల, డిసెంబర్‌ల. జూన్ అంటే మనకు మిరుగు, విత్తనం పెట్టే టైమ్. డిసెంబర్ అంటే పత్తి ఏరుడు. ఇంట్ల అందరు చేన్లె ఉంటే ఒక్కడు హాల్ టికెట్ పట్టుకొని బస్సెక్కుడు ఎంత కష్టమో! అందుకే నేను చెప్పేది, ఒకేసారి అన్ని పేపర్లు మీదేసుకోకుండ్రి. మూడేండ్ల డిగ్రీకి ఆరేండ్ల దాకా టైమ్ ఇస్తరు. పని ఎక్కువున్న సీజన్‌ల రెండు పేపర్లు రాయండ్రి, మిగిలినయ్ తర్వాత రాసుకోవచ్చు.

ఇగ మోసం సంగతి. జిల్లా కేంద్రంల ఏ బస్టాండు కాడ చూసినా ఫ్లెక్సీలు కనపడ్తయ్: "వన్ సిట్టింగ్ డిగ్రీ", "పరీక్ష లేకుండ పాస్", "పాత సంవత్సరం సర్టిఫికెట్ ఇప్పిస్తం". నలభై వేలు, అరవై వేలు, కొందరు లక్ష దాకా గుంజుతరు. సక్కగ చదివితే మూడేండ్లకు పదిహేను, ఇరవై వేలల్ల అయిపోయే డిగ్రీకి గిన్ని పైసలు ఎందుకు పెడ్తరంటే, చదివే కష్టం తప్పుతదని. ఒక్క మాట యాదుంచుకోండ్రి. మూడేండ్ల డిగ్రీని ఒక్క ఏడాదిల ఇచ్చే యూనివర్సిటీ మన దేశంల లేదు. ఆ కాగితం పట్టుకొని సర్కారు నౌకరికి పోతే వెరిఫికేషన్‌ల దొరుకుతరు. నౌకరి పోవుడే కాదు, దొంగ సర్టిఫికెట్ పెట్టినందుకు కేసు అయితది. అమ్మినోడు అప్పటికే బోర్డు తీసేసి పోయి ఉంటడు, కోర్టు చుట్టు తిరిగేది మీరు.

పైసలు కట్టకముందు పది నిమిషాలు కూసోని చూసుకుంటే ఈ మోసం పడది. యూజీసీకి దూరవిద్య బ్యూరో అని ఉన్నది, డీఈబీ అంటరు. దాని వెబ్‌సైట్‌ల ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకు, ఏ సెషన్‌కు పర్మిషన్ ఉన్నదో లిస్టు పెడ్తరు. యూనివర్సిటీ పేరు ఉంటే సరిపోదు, మీరు చేరే కోర్సు పేరు, ఆ ఏడాది సుత ఉండాలె. పోయినేడు ఉన్న కోర్సు ఈ ఏడు లేకపోవచ్చు. దొంగ యూనివర్సిటీల లిస్టు సుత యూజీసీ వేరేగ పెడ్తది, అందుల ఆంధ్రల పేర్లు సుత వచ్చినయ్. ఇంకోటి, దూరవిద్యను ఫ్రాంచైజీకి ఇచ్చుడు రూల్ ప్రకారం కుదరదు. కాబట్టి "మేం ఫలానా యూనివర్సిటీ ఫ్రాంచైజీ" అని ఎవడన్న చెప్తే అక్కడికెళ్లి లేసి రావాలె. ఫీజు యూనివర్సిటీ సొంత పోర్టల్ల మాత్రమే కట్టాలె. ఎవని ఫోన్‌పే నంబర్‌కు కొట్టుడు వద్దు.

2024 నుంచి డీఈబీ ఐడీ అని ఒకటి తప్పనిసరి చేసిన్రు. ముందు డిజిలాకర్ల ఏబీసీ ఐడీ తీసుకొని, దానితోని డీఈబీ సైట్‌ల ఈ ఐడీ చేసుకోవాలె. అది లేకుంటే దూరవిద్యల, ఆన్‌లైన్‌ల అడ్మిషనే లేదు. నా కాడికి వచ్చిన కొందరి ఐడీలు చూస్తే, కన్సల్టెన్సీ వాళ్లు తమ ఫోన్ నంబర్, తమ మెయిల్ పెట్టి చేసిన్రు. ఓటీపీలన్ని వాళ్లకే పోతయ్. మీ సదువు తాళంచెవి పరాయోని జేబుల ఉన్నట్టు. మీ సొంత నంబర్‌తోనే చేసుకోండ్రి, ఆ సిమ్ము మార్చకుండ్రి.

అన్ని కోర్సులు గిట్ల చెయ్యరాదు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా, అగ్రికల్చర్ దూరవిద్యల లేవు. 2025 జులై సెషన్ నుంచి సైకాలజీ, న్యూట్రిషన్ లాంటివి సుత బంద్ పెట్టిన్రు. బీఈడీ ఉన్నది గానీ అందరికి కాదు, ఇదివరకే టీచర్ ట్రైనింగ్ ఉన్నోళ్లకే. దీన్ని అల్కగ తీసుకోకుండ్రి. వెనుకట నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు పర్మిషన్ లేకుండ దూరవిద్యల బీటెక్ ఇచ్చినయ్. 2017 నవంబర్‌ల సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: 2001 నుంచి 2005 మధ్య చేరినోళ్ల డిగ్రీలు సస్పెండ్, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతయ్. ఆ తర్వాత చేరినోళ్లవి రద్దు. అప్పటికే ఆ డిగ్రీల మీద నౌకరీలు చేసుకుంట, ప్రమోషన్లు తీసుకున్నోళ్లు ఉన్నరు. తప్పు యూనివర్సిటీది, పోయింది వీళ్ల ఏండ్లు.

కొంచెం లెక్కలు వచ్చి, ఇంగ్లీష్‌కు జంకనోళ్లకు ఇంకో తొవ్వ ఉన్నది. ఐఐటీ మద్రాస్ 2020ల డేటా సైన్స్ డిగ్రీ ఆన్‌లైన్‌ల పెట్టింది. జేఈఈ అక్కర లేదు. నాలుగు వారాల పాఠాలు విని, క్వాలిఫైయర్ పరీక్ష పాసైతే సీటు. పాఠాలు ఇంటికాడ, పరీక్షలు మాత్రం సెంటర్‌ల. మొత్తం ఫీజు లక్షలల్ల ఉంటది గానీ, కులాన్ని, ఇంటి ఆదాయాన్ని బట్టి 75 శాతం దాకా తగ్గిస్తరు. మధ్యల ఆపినా ఎంతవరకు చదివిన్రో దానికి సర్టిఫికెట్, డిప్లొమా ఇస్తరు. ఇది మాత్రం కష్టమైన సదువు, వారానికి పది, పన్నెండు గంటలు పక్కా పెట్టాలె. ముందు స్వయం పోర్టల్ల ఏదన్న ఒక కోర్సు పుణ్యానికి విని చూడండ్రి. పాఠాలకు పైసలు లేవు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

ఒక మాట దాపెట్టకుండ చెప్పాలె. సర్కారు కాగితం మీద సమానమే గానీ, ప్రైవేట్ కంపెనీల ఇంటర్వ్యూలల్ల "రెగ్యులరా, డిస్టెన్సా" అని ఇంకా అడుగుతరు. అక్కడ డిగ్రీతోపాటు చేతిల పని చూపియ్యాలె. టాలీ అయినా, ఎక్సెల్ అయినా, ఇంగ్లీష్ మాట్లాడుడైనా. ప్రభుత్వం దిక్కు నా అడుగుడు ఒక్కటే: స్టడీ సెంటర్లు జిల్లా కేంద్రాల కాడనే ఆగిపోవద్దు. ప్రతి మండలంల జూనియర్ కాలేజీనో హైస్కూలో ఉన్నది, ఆదివారం ఖాళీగుంటది. అందుల క్లాసు పెడితే, పరీక్ష సెంటర్ ఇస్తే, ఇల్లు దాటనియ్యని ఆడపిల్లలు ఎంతమంది డిగ్రీ పూర్తి చేస్తరో చూడండ్రి.

మా దుకాణంల ఫారం నింపేటందుకు వచ్చేటోళ్లు టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్, ఫొటో, సంతకం తెచ్చుకోండ్రి. ఓపెన్ స్కూల్ల ఇంటర్ చేసినోళ్లు ఆ మెమో తెచ్చినా నడుస్తది. ఆధార్ల పేరు, టెన్త్ మెమోల పేరు ఒక్కతీరుగ ఉన్నదా చూసుకోండ్రి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఏబీసీ ఐడీ కాడ ఆగిపోతది, ఆధార్ సరిచేసుకునే వరకు ఆఖరి తారీఖు దాటిపోతది.