జాబితాలలో పేర్లు గల్లంతు కాకుండా: డేటాబేసులలోని ఖాళీ గడుల విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

కంప్యూటరు ద్వారా రూపొందించే లబ్ధిదారుల జాబితాలలోను, నోటీసులలోను, చిరునామా చీటీలలోను ఒక్కొక్కసారి కొన్ని వరుసలు పేరు లేకుండా వెలువడుతుంటాయి. అటువంటి సందర్భాలలో సదరు వ్యక్తి వివరాలు నమోదు కాలేదని గాని, ఆ వ్యక్తి అనర్హుడని గాని వెంటనే నిర్ధారణకు రావడం సమంజసం కాదు. పేరు డేటాబేసులో భద్రంగానే ఉండి, జాబితా తయారీకి రాసిన క్వెరీలోని చిన్న లోపం వలన ముద్రణలో కనిపించకుండా పోయి ఉండవచ్చును.

లోపం ఎక్కడ?

సాధారణంగా ఒక వ్యక్తి ఇంటిపేరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, వీధి, గ్రామం, మండలం వేర్వేరు కాలమ్‌లలో నమోదవుతాయి. జాబితాను ముద్రించేటప్పుడు వీటన్నింటిని జతపరచి ఒకే వాక్యంగా చూపుతారు. అయితే అన్ని గడులు అందరికీ నిండి ఉండవు. కొందరు దరఖాస్తులో ఇంటిపేరు రాయరు. అనేక గ్రామాలలో వీధులకు పేర్లే ఉండవు. ఈ విధంగా విలువ లేని గడిని డేటాబేసు పరిభాషలో ‘నల్’ అని వ్యవహరిస్తారు.

నల్ అనగా సున్నా కాదు, ఖాళీ అక్షరం కూడా కాదు. ‘విలువ తెలియదు’ అని దాని అర్థం. రిలేషనల్ డేటాబేసు సిద్ధాంతాన్ని 1970లో ప్రతిపాదించిన ఐబీఎం శాస్త్రవేత్త ఇ.ఎఫ్. కాడ్, 1979లో వెలువరించిన పత్రంలో ఈ భావనను వివరించారు. తెలిసిన దానికి తెలియని దానిని జతచేస్తే ఫలితం కూడా తెలియనిదే అవుతుందన్నది ఎస్‌క్యూఎల్ ప్రమాణం అనుసరించే సూత్రం. కావున ‘లక్ష్మి’ అనే పేరుకు నల్‌గా ఉన్న ఇంటిపేరును జతపరచినచో ‘లక్ష్మి’ మిగలదు. మొత్తం ఫలితమే నల్ అవుతుంది. లేని ఇంటిపేరు ఉన్న పేరును సైతం తుడిచివేస్తుంది.

ఒక్కొక్క సాఫ్ట్‌వేరుది ఒక్కొక్క పద్ధతి

ఈ విషయంలో సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే విధంగా వ్యవహరించకపోవడం గమనార్హం. పదాలను జతపరచే రెండు నిలువు గీతల గుర్తును వాడినప్పుడు ఒరాకిల్ నల్‌ను విడిచిపెట్టి మిగిలిన భాగాన్ని చూపుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో అదే గుర్తుతో మొత్తం ఫలితం నల్ అవుతుంది. ‘కన్‌కాట్’ అనే ఫంక్షన్ మై ఎస్‌క్యూఎల్‌లో నల్‌ను ఇవ్వగా, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోను, 2012 నుండి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోను ఖాళీ భాగాన్ని వదిలి మిగిలినవాటిని కలుపుతుంది. ఈ కారణంగా ఒక సాఫ్ట్‌వేరులో ఏళ్ల తరబడి సవ్యంగా నడిచిన క్వెరీ మరొకదానికి మారిన రోజున ఎటువంటి హెచ్చరిక లేకుండానే పేర్లను పోగొట్టవచ్చును.

నివారణ మార్గాలు

ఎస్‌క్యూఎల్ 1992 ప్రమాణంలో చేరిన ‘కోఅలెస్’ అనే ఫంక్షన్ ఇందుకు ప్రధాన సాధనం. తనకు ఇచ్చిన విలువలలో నల్ కాని మొదటిదానిని అది అందిస్తుంది. ఇంటిపేరు లేనిచోట ఖాళీ అక్షరాన్ని తీసుకొనవలసిందిగా దీని ద్వారా ఆదేశిస్తే పేరు యథాతథంగా నిలుస్తుంది. ఖాళీగా ఉండగల ప్రతి కాలమ్‌కు ఈ రక్షణ విడివిడిగా కల్పించవలసి ఉంటుంది.

అయితే చిరునామాలలో దీనివలన మరొక ఇబ్బంది ఏర్పడుతుంది. వీధి లేనిచోట రెండు కామాలు పక్కపక్కనే మిగిలిపోతాయి. మై ఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, 2017 నుండి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో లభించే ‘కన్‌కాట్ డబ్ల్యూఎస్’ ఫంక్షన్ నల్ భాగంతోపాటు దాని కామాను కూడా విడిచిపెడుతుంది. గడిలో నల్‌కు బదులు ఖాళీ అక్షరం నమోదై ఉంటే మాత్రం కామా అలాగే ఉండిపోతుంది. అటువంటి గడులను ‘నలిఫ్’ అనే ఫంక్షన్‌తో ముందుగా నల్‌గా మార్చుకొనవలసి ఉంటుంది.

పోలికకు వేరు పద్ధతి

ముద్రణకు ఉపకరించే ఈ పద్ధతులను వ్యక్తుల గుర్తింపునకు వాడటం ప్రమాదకరం. 1వ వార్డులోని 23వ ఇంటిని, 12వ వార్డులోని 3వ ఇంటిని వట్టిగా జతపరిస్తే రెండింటికీ ‘123’ అనే ఫలితమే వస్తుంది. వార్డు నమోదుకాని 123వ ఇల్లు కూడా వాటితో కలిసిపోతుంది. ఫలితంగా ముగ్గురు వేర్వేరు వ్యక్తులు ఒక్కరుగా లెక్కకు వచ్చి, ఇద్దరి పేర్లు నకిలీలుగా తొలగిపోయే అవకాశం ఉన్నది. అందువలన పోలికను ఒక్కొక్క కాలమ్ వారీగా జరపడం శ్రేయస్కరం. నల్ ఉన్న వరుసలను వేరుచేసి క్షేత్రస్థాయిలో విచారించడం అవసరం.

అదేవిధంగా ఖాళీ గడులలో ‘లేదు’, ‘నల్’ వంటి మాటలను నింపి భద్రపరచడం కూడా తగదు. ఇందుకు అమెరికాలోని కాలిఫోర్నియా ఉదంతం ఉదాహరణగా నిలుస్తుంది. అక్కడ ఒక వాహనదారుడు తన కారుకు ‘నల్’ అనే నంబరు ప్లేటు తీసుకొనగా, నంబరు నమోదుకాని ఇతర వాహనాల జరిమానాలు 12 వేల డాలర్లకు పైగా ఆయన పేరిట వచ్చిపడినట్లు 2019లో వెల్లడైనది. ప్రత్యామ్నాయ విలువ ముద్రణకే పరిమితం కావాలి. మూల పట్టికలో నల్ నల్‌గానే ఉండాలి.

ప్రచురణకు ముందు తనిఖీ

జాబితా వెలువరించే ముందు మొత్తం వరుసల సంఖ్యను, పేరు కనిపిస్తున్న వరుసల సంఖ్యను సరిపోల్చాలి. ‘కౌంట్’ ఫంక్షన్‌కు నక్షత్రం గుర్తును ఇస్తే అన్ని వరుసలను లెక్కిస్తుంది. కాలమ్ పేరును ఇస్తే నల్ ఉన్నవాటిని వదిలివేస్తుంది. జతపరచిన పేరుపై ఈ రెండు లెక్కల మధ్య తేడా వచ్చినచో, అన్ని పేర్లు కనిపించని వరుసలే. వాటిని వెదకడానికి ‘ఈజ్ నల్’ అనే షరతునే వాడాలి. సమాన గుర్తుతో అడిగితే ప్రమాణం ప్రకారం ఒక్క వరుస కూడా రాదు.

జాబితాలలోని ఖాళీ వరుసలపై వివరణ కోరే పాత్రికేయులు సైతం మూల పట్టికలో ఆ పేరు ఉన్నదా, లేక జతపరచే దశలో పోయినదా అన్న ప్రశ్నను ముందుగా వేయడం ఉపయుక్తం. మొదటిది నమోదు లోపం. దానికి క్షేత్ర విచారణ అవసరం. రెండవది క్వెరీ లోపం. దానిని కార్యాలయంలోనే సరిదిద్దవచ్చును. ఈ తేడాను గుర్తించినచో, అర్హుడైన వ్యక్తి తాను చేయని పొరపాటుకు కార్యాలయాల చుట్టూ తిరగవలసిన అగత్యం తప్పుతుంది.