సద్దు లేని సైకిలు బాటలు

సిద్దిపేట జిల్లాలోని కోహెడ మండలపు పటమును చూచినవారికి ఒక సంగతి వెంటనే కనిపించును. ఒక ప్రక్క హైదరాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి, మరియొక ప్రక్క సిద్దిపేట నుండి హుస్నాబాదు మీదుగా ఎల్కతుర్తికి పోవు జాతీయ రహదారి గలవు. ఈ రెంటి నడుమ పల్లెలను, చెరువులను కలుపుచు సన్నని బాటలు సాలెగూడువలె అల్లుకొని యున్నవి. (రంగారెడ్డి జిల్లాలో ఇదే పేరు గల ఊరు మరొకటి యున్నది, మనము చెప్పుకొనుచున్నది దానిని గురించి కాదు.) కోహెడ నుండి హుస్నాబాదుకు సైకిలుపై పోదలచిన విద్యార్థికి పెద్దబాట మేలా, చుట్టు తిరిగిపోవు పల్లెబాట మేలా?

దూరమొక్కటే చూచినచో జవాబు సులభము. కాని సైకిలు త్రొక్కువానికి దూరము కంటె ముఖ్యమైనవి కొన్ని గలవు. వానిని ఊహతో కాక లెక్కతోనే తేల్చవచ్చును.

మొదటిది, మనలను వెనుకనుండి దాటిపోవు బండ్ల సంఖ్య. ఒక బాటపై ఒక దిక్కుగా గంటకు 200 బండ్లు, 60 కి.మీ. వేగముతో పోవుచున్నవనుకొనుడు. సైకిలు వేగము 15 కి.మీ. బాట ప్రక్క నిలిచినవానిని గంటలో 200 బండ్లు దాటును. సైకిలు కూడ ఆ దిక్కునకే సాగుచున్నది గనుక, దానిని దాటు బండ్లు అందులో 15/60 వంతు, అనగా నాలుగవ వంతు తగ్గి, 150 అగును. అనగా ప్రతి 24 సెకండ్లకు ఒక బండి! అదే పల్లెబాటపై గంటకు 12 బండ్లు, 40 కి.మీ. వేగముతో పోవుచున్నచో, దాటునవి ఏడెనిమిది మాత్రమే. ఒకదానికి, మరొకదానికి నడుమ ఎనిమిది నిమిషములు దొరకును. ఆ ఎనిమిది నిమిషములలో వెనుకనుండి వచ్చు లారీ చప్పుడు దూరముననే చెవిని పడును. పెద్దబాటపై ఒక చప్పుడు మరొకదానిలో కలిసిపోవుటచే చెవి మనకు హెచ్చరిక చేయజాలదు. సద్దు లేకుండుట సుఖము కొరకే కాదు, రక్షణ కొరకు కూడ.

రెండవది బండ్ల వేగము. బ్రేకు వేసిన పిదప బండి పోవు దూరము వేగపు వర్గమును బట్టి పెరుగునని పాఠశాలలో చదివినదే. తడిలేని తారుబాటపై 40 కి.మీ. వేగముతో వచ్చు కారు బ్రేకు పడిన తరువాత సుమారు 10 మీటర్లలో నిలిచినచో, 80 కి.మీ. వేగముతో వచ్చునది 40 మీటర్లు పోవును. నడుపువాడు అపాయమును గుర్తించి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకండు పట్టునని చేర్చినచో, మొదటిది 21 మీటర్లు, రెండవది 60 మీటర్లకు పైన. నడుమ సైకిలుపై ఒక బాలుడున్నాడనుకొన్నచో ఈ రెండు అంకెల భేదమే అతని ప్రాణము.

అయితే పల్లెబాట యందు ఒక చిక్కు గలదు. 2000 లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన క్రింద వేసిన ఒంటివరుస బాటల వెడల్పు సాధారణముగా 3.75 మీటర్లు. బస్సు వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. మిగిలినది మీటరుంబావు. ఫ్రాన్సు దేశపు చట్టము ప్రకారము ఊరి బయట సైకిలును దాటు మోటారుబండి ఒకటిన్నర మీటర్ల ఎడము విడువవలెను. మన పల్లెబాటపై బస్సు ఒక ప్రక్క మట్టి అంచునకు దిగిననే తప్ప అంత ఎడము కుదరదు. కావున బస్సు వచ్చినపుడు సైకిలువాడే దిగి నిలుచుట మంచిది. బండ్లు కొద్దిగా, నెమ్మదిగా వచ్చుటవలననే ఈ ఇరుకు బాటలు క్షేమకరములైనవి, వెడల్పువలన కాదు.

ఇక వాలు సంగతి. సైకిలుతో కలిపి 80 కిలోగ్రాముల బరువు గల మనిషి సమతలముపై 15 కి.మీ. వేగముతో పోవుటకు సుమారు 50 వాట్ల సామర్థ్యము చాలును. అందులో ఇంచుమించు సగము చక్రముల ఘర్షణకు, సగము గాలిని చీల్చుటకు ఖర్చగును. బాట నూటికి రెండు పాళ్ళు, అనగా 100 మీటర్ల దూరమునకు 2 మీటర్లు ఎత్తు పెరిగినదనుకొనుడు. కంటికి అది సమతలమువలెనే తోచును. కాని అదే వేగమును నిలుపుటకు మరి 65 వాట్లు కావలెను. శ్రమ రెట్టింపును మించినది!

కంటికి తోచని ఈ వాలును పటముపై పట్టవచ్చును. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటములో ఒక సెంటీమీటరు నేలపై అర కిలోమీటరు. సమోన్నత రేఖలు సాధారణముగా 20 మీటర్ల ఎత్తునకు ఒకటి చొప్పున గీయబడును. మన బాట రెండు రేఖలను రెండు సెంటీమీటర్ల ఎడముతో దాటినచో, కిలోమీటరుకు 20 మీటర్లు, అనగా నూటికి రెండు. రేఖలు దగ్గరైనకొలది కాళ్ళకు పని పెరుగును. తెలంగాణ పీఠభూమి అతి పురాతనమైన గ్రానైటు, నైసు శిలలతో ఏర్పడి, కోట్లకొలది సంవత్సరములు అరగి చదునైనది. అరగక మిగిలిన గుట్టలు అచ్చటచ్చట లేచి యున్నవి. అందుచే ఇచ్చట బాటలు గుట్టలను చుట్టివచ్చినంత వరకు వాలు స్వల్పమే.

నీరు నడచు చోట వాలు ఇంకను తక్కువ. ఫ్రాన్సులో సైకిలు యాత్రికులు మిక్కిలి ఇష్టపడు బాటలలో కొన్ని కాలువగట్లపైననే యున్నవి. పియర్ పాల్ రికే తలపెట్టగా 1666 నుండి 1681 వరకు త్రవ్వబడిన మిడి కాలువ 240 కి.మీ. పొడవు గలది. దాని గట్టుపై పూర్వము పడవలను లాగుటకు గుఱ్ఱములు నడచిన బాట యుండెను. టూలూజు నగరము నుండి కాలువ శిఖరస్థానమైన నోరూజు వరకు, సుమారు 50 కి.మీ. దూరములో, ఎక్కవలసిన ఎత్తు 60 మీటర్లకు లోపే. అనగా వెయ్యికి ఒకటి చిల్లర!

మనకును ఇట్టివి లేకపోలేదు. కోహెడ మండలములోని శనిగరము జలాశయపు కట్ట, పేరులోనే సముద్రమును దాచుకొన్న సముద్రాల, నాగసముద్రాల వంటి ఊళ్ళు ఈ సీమకు చెరువులతో గల పొత్తును చెప్పుచున్నవి. చెరువు కట్ట పైభాగము సమతలము. క్రింద తడిపొలముల మీదుగా వచ్చు గాలి చల్లనిది. శ్రీరాంసాగరు నుండి వచ్చు 284 కి.మీ. కాకతీయ కాలువ వంటి పెద్ద కాలువల గట్లపై తనిఖీ బాటలు కూడ గలవు. కాని సిమెంటు పూత పూసిన కాలువలో జారిపడినవానికి ఏటవాలు గోడపై పట్టు దొరకదు, ఈత వచ్చినను పైకి రాలేడు. ఉపాధ్యాయులు పిల్లలను అట్టి గట్టుపైకి తీసికొని పోరాదు.

గాలి కూడ ఒక కొండయే. ఎదురుగాలి గంటకు 10 కి.మీ. ఉన్నచో, పైని చెప్పిన మనిషికి గాలి నిరోధమునకే 25 వాట్ల బదులు 70 వాట్లు కావలెను. పోవునపుడు ఎదురైన గాలి వచ్చునపుడు తోడగును గదా, లెక్క సరిపోవును అని కొందరందురు. సరిపోదు. 12 కి.మీ. దూరమును గాలి లేనిచో 15 కి.మీ. వేగముతో పోయి వచ్చుటకు 96 నిమిషములు. పోవునపుడు 10, వచ్చునపుడు 20 కి.మీ. వేగమైనచో 72, 36 కలిసి 108 నిమిషములు. నెమ్మదిగా పోవు భాగమున ఎక్కువ కాలము గడుపుటయే దీనికి కారణము. వానకాలమున మనకు గాలి పడమటి దిక్కునుండి వీచును. కనుక ఉదయము పడమరకు పోయి, అలసిన పిదప తూర్పునకు మరలుట తెలివి.

కొండకు, గాలికి యంత్రములో ఉపాయము వెదకినవాడు ఫ్రాన్సులోని సెంటెటియెన్ నగరవాసి పాల్ ద వివీ (1853–1930). వెలోసియో అను మారుపేరుతో పత్రిక నడిపి, గొలుసును ఒక పళ్ళచక్రము నుండి మరొకదానికి మార్చు గేర్లను జీవితమంతయు ప్రచారము చేసెను. ప్రసిద్ధమైన టూర్ ద ఫ్రాన్సు పందెమువారు అట్టి గొలుసుమార్పు గేర్లను 1937 వరకు అనుమతింపలేదు! ఆ పెద్దమనిషి సైకిలును నడిపించుకొని పోవుచు ట్రాము తగిలి మరణించెను. గేరు ఉన్నను శక్తి పెరుగదు; అదే శక్తిని మెల్లగా, ఎక్కువసేపు ఖర్చు చేయుటకు వీలగును, అంతే. గేరు లేని మన సైకిలుకు ఆ పని దిగి నడచుటవలన జరుగును. అందులో సిగ్గు పడవలసినది లేదు.

హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023 లో సౌరఫలకముల నీడతో 23 కి.మీ. సైకిలు బాట వెలసినది. నీడ మెచ్చదగినదే. కాని ప్రక్కననే రహదారి హోరు ఉన్నప్పుడు దానిని సద్దులేని బాట అనలేము.

పల్లెబాటల కష్టములు వేరు. వరికోతల కాలమున సగము బాటపై ధాన్యము ఆరబోసి, చుట్టు రాళ్ళు పేర్చుదురు. చీకటిలో అవి కనబడవు. కట్టలపై తుమ్మముళ్ళు ట్యూబును చీల్చును. కుక్కలు తరిమినచో వేగము పెంచుటకన్న దిగి, సైకిలును అడ్డముగా నిలుపుట మేలు. ఎండకాలమున ఉదయము తొమ్మిది గంటలలోపు ఇల్లు చేరవలెను.

బాటను నిర్ణయించుటకు ముందు తరగతివారు ఒక పని చేయవచ్చును. ఇద్దరిద్దరు చొప్పున నాలుగు కూడళ్ళ వద్ద, బాటకు దూరముగా చెట్టునీడను కూర్చుండి, ఉదయము ఏడు నుండి ఎనిమిది వరకు పోవు బండ్లను గీతలు గీయుచు లెక్కింపవలెను. లారీలకు, బస్సులకు వేరు వరుస. సంతరోజున ఒకమారు, మామూలు రోజున ఒకమారు లెక్కించినచో ఒకే బాట రెండు బాటలుగా కనబడును.