మాటలు తక్కువైన చానెల్, మాటలు నేర్చే వయసు

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో భారతదేశం ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు అందించిన ‘సైట్’ ప్రయోగానికి ఎంపికైన జిల్లాల్లో కర్నూలు ఒకటి. నేటి నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు ఆ జిల్లాలోనివే. ఉదయం పూట ప్రసారమైన పిల్లల కార్యక్రమాలు 5 నుంచి 12 ఏళ్లవారికి ఉద్దేశించినవి. ఉయ్యాలలోని బిడ్డ ఆ లెక్కలో లేడు.

ఆ బిడ్డనే ప్రేక్షకుడిగా ఎంచుకొని 2003లో ఇజ్రాయెల్‌లో మొదలైన బేబీటీవీ, ఆ తరువాత ఫాక్స్ సంస్థ చేతికి, 2019లో డిస్నీ చేతికి వెళ్లి, అనేక దేశాలకు విస్తరించింది. వాణిజ్య ప్రకటనలు లేకుండా రాత్రింబవళ్లు సాగే ఈ చానెల్‌లో ముదురు రంగులు, సరళమైన ఆకారాలు, మెత్తని సంగీతం ఎక్కువ, మాటలు తక్కువ. తక్కువ మాటలున్న కార్యక్రమాన్ని మరో దేశానికి మలచడం సులభం గనుక వ్యాపారపరంగా ఇది తెలివైన ఏర్పాటే. అయితే నంద్యాలలో మాటలు పట్టుకుంటున్న ఏడాది బిడ్డకు కావలసినవి సరిగ్గా ఆ కొరవడిన మాటలే.

తెరపై బొమ్మ కదిలినప్పుడల్లా బిడ్డ చూపు అటు తిరుగుతుంది. కొత్త కదలికకూ శబ్దానికీ మెదడు అసంకల్పితంగా చూపే ఈ స్పందనను ‘అభిముఖ ప్రతిచర్య’ అనవచ్చు. పెద్దలు దాన్ని ఆసక్తి అనుకొంటారు, పనిలో పనిగా నాలుగు ముద్దలు తినిపిస్తారు. కానీ కళ్లప్పగించి చూసినంత మాత్రాన నేర్చుకొన్నట్టు కాదు.

2003లో శిశువుల భాషాభ్యాసంపై పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనా మాండరిన్ భాషను 12 విడతలుగా వినిపించినప్పుడు, ఎదుట కూర్చొని ఆడించిన మనిషి ద్వారా విన్నవారు ఆ భాషాధ్వనుల తేడాలను గుర్తుపట్టగలిగారు. అదే మాటలు టీవీలో విన్నవారిలో ఆ ఫలితం కనిపించలేదు. ఎదుట ఉన్న మనిషి బిడ్డ చూపును గమనించి, బిడ్డ ‘ఊఁ’ అన్నప్పుడు ఆగి, బదులిస్తారు. తెర అలా ఆగదు. కాబట్టి బేబీటీవీ అచ్చ తెలుగులో మాట్లాడినా లోటు పూర్తిగా తీరదు.

ఫ్రాన్స్ ప్రసార నియంత్రణ సంస్థ 2008లో మూడేళ్లలోపు వారికోసం కార్యక్రమాలు వేయకుండా తమ దేశపు చానెళ్లపై నిషేధం విధించి, విదేశీ శిశు చానెళ్ల విషయంలో హెచ్చరికలు తప్పనిసరి చేసింది. ఏడాదిలోపు శిశువుకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అమెరికా శిశువైద్యుల అకాడమీ మాత్రం 2016లో 18 నెలల లోపువారికి తెర వద్దంటూనే ఒక్క మినహాయింపు ఇచ్చింది, అది వీడియో కాల్: డల్లాస్‌లోని మనవడు నవ్వితే ఆళ్లగడ్డలోని జేజి ఆ నవ్వును చూసి బదులు పలుకుతుంది.