గనికి ధరయే ఆయువు

కర్షకునకు పంట యింటికి వచ్చునప్పటి ధర ముందుగా తెలియదు. అయినను అతని లెక్క తప్పినచో పోవునది ఒక యేటి కష్టము. గని త్రవ్వువాని స్థితి యింతకంటె కఠినము. బావి దింపి, యంత్రములు నిలిపి, లోహము చేతికి వచ్చుసరికే యేండ్లు గడచును. రానున్న పది యిరువదియేండ్ల ధరను నేడే యూహించి, ఆ యూహపై కోట్ల ధనమును వెచ్చింపవలసియుండును.

భూగర్భమున లోహమున్నంతమాత్రమున అది సంపద కానేరదు. టన్ను రాతిలో మూడు గ్రాముల బంగార మున్నదనుకొందము. దాని వెల, త్రవ్వుటకును శుద్ధిచేయుటకును అగు వ్యయమును మించినచో ఆ రాయి ఖనిజము. మించనిచో వట్టి రాయి. కావున గనిలో నిలువ యింత యని చెప్పు ప్రతి యంకె వెనుకను ఒక ధర దాగియుండును. వాటాలమ్మువారు ఆశకు తగిన ధరను గైకొందురు. అప్పిచ్చు బ్యాంకులవారు అంతకు తక్కువ ధర కట్టి, అప్పుడైనను అసలును వడ్డీయు తీరునా యని పరీక్షింతురు.

ఇందులకు కోలారు బంగారు గనులే తార్కాణము. 1880 మొదలు జాన్ టేలర్ కంపెనీవారి యాజమాన్యమున నడచిన యీ గనులు 1956లో మైసూరు ప్రభుత్వమునకును, 1962లో కేంద్రమునకును సంక్రమించినవి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. దిగినకొలది వ్యయము హెచ్చెను, రాతిపేలుళ్ల భయము హెచ్చెను, రాతిలో బంగారము పలుచనయ్యెను. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు పలికిన బంగారము 2001 ఆరంభమున 270 డాలర్లకు దిగువన నుండెను. ఆ ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడెను. తెలుగు, తమిళ, కన్నడ కార్మిక కుటుంబములు వేలకొలది జీవనాధారము గోల్పోయినవి. పదియేండ్లకే, 2011లో, ఔన్సు 1,900 డాలర్లు దాటినది. అప్పటికి బావులు నీటిపాలై యుండెను.

ఈ పెరుగుదల ముందే తెలియకుండెనా యని నేడు ప్రశ్నించుట సులభము. ఆనాడు దానిని నిశ్చయముగా చెప్పగలవారు లేరు. కోలారు వ్యాధికి ధర యొక్కటియే కారణమును గాదు. అయినను ఒక విషయము స్పష్టము. పడిన ధర మరల లేచును. మునిగిన గనిని లేపుట దుష్కరము. ఈ రెంటి భేదమును లెక్కలో చేర్పని నిర్ణయము అసమగ్రము.

కావున గనికై భూమి యిచ్చువారును, వాటాలు కొనువారును, ప్రజాధనము వెచ్చించు ప్రభుత్వములును మొదట అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఏ ధరను నమ్మి యీ గనిని తలపెట్టితిరి? అందు నాలుగవ వంతు తగ్గినచో అప్పు తీర్చు మార్గమేది? గని మూతపడినచో కార్మికుల గతి యేమి? వీనికి బహిరంగముగా ప్రత్యుత్తరము లభించువరకును ఎంత మెఱయు లోహమైనను మన ధనమును కోరుటకు అర్హము గాదు.