పాలమూరు నేలలో పునరుత్థాన నిరీక్షణ

వాడుక తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడడం. తెలుగు బైబిలులోనూ సంఘాల ప్రార్థనల్లోనూ అదే మాటకు ఆశ అనే అర్థం స్థిరపడింది. మరణించినవారు తిరిగి లేస్తారన్న నమ్మకాన్ని క్రైస్తవులు ఈ మాటతోనే చెప్పుకుంటారు గనుక, ఆ ఆశలో రాబోయేదాని కోసం నిలకడగా కనిపెట్టుకొని ఉండడం కూడా ఇమిడి ఉంది.

పునరుత్థానం అంటే తిరిగి లేవడం. ఇది పునర్జన్మ కాదు. పునర్జన్మలో జీవుడు పాత దేహాన్ని విడిచి మరొక దేహాన్ని ధరిస్తాడు, పునరుత్థానంలోనైతే మరణించిన మనిషినే దేవుడు నాశనం లేని శరీరంతో లేపుతాడని క్రైస్తవ బోధ. సిలువపై మరణించిన యేసు మూడవ దినాన లేచాడన్న సాక్ష్యమే దీనికి పునాది. నిత్యజీవం అన్నప్పుడు కూడా అంతులేని కాలం మాత్రమే ఉద్దేశం కాదు. దేవునితో తెగని సంబంధంలో బ్రతకడం అని దాని భావం, అది విశ్వాసంతో ఇప్పుడే ఆరంభమవుతుందని యోహాను సువార్త బోధిస్తుంది.

పాలమూరు ప్రాంతంలో, జడ్చర్లకూ నాగర్‌కర్నూలుకూ నడుమనున్న తిమ్మాజిపేట పరిసరాల్లో ఈ బోధ విస్తరించడంలో మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘానిది ముఖ్యమైన పాత్ర. 1860లో నాటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో, ఏర్పడిన ఈ సంఘం తరఫున అమెరికా నుంచి 1904లో భారతదేశానికి వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలు కేంద్రంగా దీర్ఘకాలం పనిచేశారు. విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకున్నవారికే, నీటిలో పూర్తిగా ముంచి బాప్తిస్మం ఇవ్వడం ఈ సంఘం పద్ధతి. నీటిలో మునగడం క్రీస్తుతో పాటు సమాధి కావడానికీ, పైకి లేవడం ఆయనతో కూడా కొత్త జీవితంలోకి రావడానికీ గుర్తులు గనుక, అక్షరం నేర్చే అవకాశం లేని పల్లెజనానికి సైతం పునరుత్థానమంటే ఏమిటో ఆ ఒక్క క్రియ కళ్లకు కట్టి చూపింది. సంఘంలో చేరినవారిలో అత్యధికులు అంటరానితనానికి గురైన దళితులు. ఊరు తాకనొల్లని దేహాన్ని దేవుడు మహిమతో లేపుతాడన్న మాట వారికి మరణానంతర ఓదార్పుగానే కాక, బ్రతికుండగానే దక్కిన గౌరవంగానూ వినిపించి ఉండాలి.

మృతదేహాన్ని మట్టిలో పెట్టే ఆచారం తెలంగాణ పల్లెల్లోని అనేక కులాల్లో ముందునుంచీ ఉన్నదే. క్రైస్తవంతో మారింది దాని అర్థం. చనిపోయినవారిని గురించి ప్రభువునందు నిద్రించారని చెప్పడంలోనే మేలుకొనే వేళ ఒకటి ఉందన్న సూచన ఉంది. తెలుగు క్రైస్తవులు శ్మశానాన్ని సమాధుల తోట అంటారు. ఈస్టరుకు ముందు అక్కడి సమాధులను శుభ్రం చేసి సున్నం వేస్తారు, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. స్త్రీలు తెల్లవారుజామున యేసు సమాధి వద్దకు వెళ్లి దానిని ఖాళీగా చూశారన్న సువార్త వృత్తాంతాన్ని తలచుకుంటూ, అనేక సంఘాలవారు పొద్దు పొడవకముందే ఆరాధనకు కూడుకుంటారు.

కుళ్లిపోయే దేహం ఎలా లేస్తుందన్న ప్రశ్న సహజమైనదే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు దీనికి విత్తనాన్ని ఉపమానంగా తీసుకున్నాడు. నేలలో పడ్డ జొన్నగింజ ఆ రూపంలోనే తిరిగి బయటికి రాదు, అయినా మొలిచేది జొన్నే. అలాగే లేచే శరీరం వేరు రూపంలో ఉన్నా, లేచే మనిషి మాత్రం ఆ మనిషే. వానకు ఎదురుచూసి విత్తే మెట్ట రైతుకు ఈ పోలిక విడమరిచి చెప్పనక్కరలేదు.

దేహానికి దేవుని సంకల్పంలో ఇంత విలువ ఉన్నప్పుడు, రోగిని పట్టించుకోకుండా ఆత్మను గురించి మాత్రమే మాట్లాడడం కుదరదు. మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘం తరఫున 1907లో వచ్చిన డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో శంషాబాదులో మరణించేదాకా తెలంగాణ ప్రాంత ప్రజలకు వైద్యం చేశారు. తరువాత 1950లలో జడ్చర్లలో మెన్నోనైట్ బ్రెదరెన్ వైద్యశాల రూపుదిద్దుకొంది. రేపు లేవబోయే దేహాన్ని నేడు ఆకలికీ వ్యాధికీ అవమానానికీ వదిలేయకపోవడమే పునరుత్థానాన్ని నమ్మేవారు లోకానికి ఇవ్వవలసిన నిజమైన సాక్ష్యం.