థైమస్ అంటే థైరాయిడ్ కాదు... రిపోర్టులో ఆ మాట కనిపిస్తే ఏం అర్థం చేసుకోవాలి?

ఛాతీ సీటీ స్కాన్ రిపోర్టులో ‘థైమస్’ అన్న మాట కనిపిస్తే ఇంట్లో వాళ్లు ముందుగా అనుకునేది థైరాయిడ్ అనే. రెండు పేర్లూ ‘థై’తోనే మొదలవుతాయి, రెండూ గ్రంథులే, కాబట్టి పొరపాటు పడటం సహజం. కానీ ఈ రెండింటి పని వేరు, చోటు వేరు, చూపించుకోవాల్సిన డాక్టర్ కూడా వేరు.

థైరాయిడ్ గొంతు ముందు భాగంలో ఉంటుంది, హార్మోన్లు తయారుచేస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని అవటు గ్రంథి అంటారు. థైమస్ ఇంకా కిందికి, ఛాతీ మధ్య ఎముక వెనకాల, గుండెకు ముందు ఉంటుంది. తెలుగులో బాలగ్రంథి అంటారు. పిల్లల్లో పెద్దగా ఉండి వయసుతో పాటు కుంచించుకుపోతుంది కనుక ఆ పేరు బాగా సరిపోయింది.

పేర్ల వెనక కథ

అరబ్బీలో థైరాయిడ్‌ను డాలు అనే అర్థం వచ్చే ‘దరఖ’ మాటతో ‘అల్-గుద్దా అద్-దరఖియ్యా’ అంటారు. గ్రీకు పేరుకు కూడా డాలు అనే అర్థం. థైమస్‌ను ‘అల్-గుద్దా అజ్-జఅతరియ్యా’ అంటారు. గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్లకు రొట్టె మీద చల్లుకునే జాతర్ తెలిసే ఉంటుంది. ఆ ఆకు పోలిక వల్లే గ్రీకులో ఈ గ్రంథికి థైమస్ పేరు వచ్చిందని చెబుతారు. గల్ఫ్ ఆసుపత్రి నుంచి అరబ్బీ రిపోర్టు వస్తే ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు.

ఇక మన ఇళ్లల్లో వాడే ‘గుదూద్’ చాలా విస్తృతమైన మాట. ఖుర్బానీ మాంసంలోంచి గుదూద్ తీసేయమని పెద్దలు చెబుతారు, హనఫీ ఫిఖ్‌లో అది తినడం మక్రూహ్. మాంసంలో చేతికి తగిలేవి ఎక్కువగా లింఫ్ గ్రంథులు. ఉర్దూలో వాటికీ, థైరాయిడ్‌కూ, థైమస్‌కూ ఒకే మాట వాడేస్తాం. అందుకే డాక్టర్ దగ్గర “గుదూద్ ఉంది” అని ఊరుకోకుండా ఏ గ్రంథో పేరుపెట్టి చెప్పాలి.

టీ-కణాల మదర్సా

థైమస్ ఏం చేస్తుందో 1961 దాకా వైద్యులకే స్పష్టంగా తెలియదు. ఆ ఏడాది లండన్‌లో పనిచేస్తున్న జాక్ మిల్లర్, అప్పుడే పుట్టిన ఎలుకల్లో థైమస్ తీసేస్తే వాటి రోగనిరోధక శక్తి దెబ్బతింటుందని చూపించారు. పనికిరాని అవయవం అనుకున్నదే శరీర రక్షణకు పునాది అని అప్పుడు తేలింది.

ఎముక మజ్జలో పుట్టిన కణాలు శిక్షణ కోసం థైమస్‌కు వస్తాయి. అక్కడ వాటికి రెండు పరీక్షలు. మొదటిది, శరీరంలోని ఇతర కణాలు చూపించే గుర్తులను పట్టుకోగలవా? రెండోది, సొంత శరీరం మీదే దాడి చేస్తాయా? తప్పినవి అక్కడే చచ్చిపోతాయి. నూటికి 95కు పైగా ఇలా రాలిపోతాయి. నెగ్గి బయటికొచ్చినవే టీ-కణాలు. ఆ ‘టీ’ థైమస్‌లోని మొదటి అక్షరం. థైరాయిడ్ పరీక్షలో రాసే టీ3, టీ4లకు దీనితో ఏ సంబంధం లేదు. అవి హార్మోన్లు, ఇవి కణాలు.

పుట్టినప్పుడు థైమస్ బరువు సుమారు 10–15 గ్రాములు. యుక్తవయసుకు 30–40 గ్రాములకు పెరిగి, తర్వాత మెల్లగా కొవ్వుగా మారిపోతుంది. దీన్నే ‘ఇన్వల్యూషన్’ అంటారు. ఇది రోగం కాదు.

రిపోర్టులో మాటలు

యాంటీరియర్ మీడియాస్టైనమ్: రెండు ఊపిరితిత్తుల మధ్య ఖాళీలో ముందు భాగం. థైమస్ ఉండే చోటు. ఇది జబ్బు పేరు కాదు.

రెసిడ్యువల్ థైమస్: మిగిలిన థైమస్ కణజాలం. యువకుల స్కాన్లలో మామూలుగా కనిపిస్తుంది.

థైమిక్ హైపర్‌ప్లాసియా: గ్రంథి మామూలు కంటే పెరగడం. కీమోథెరపీ లాంటి పెద్ద చికిత్స తర్వాత కుంచించుకుపోయిన థైమస్ మళ్లీ పెరగొచ్చు. దాన్ని ‘రీబౌండ్’ అంటారు.

థైమోమా: ‘ఓమా’ అంటే గడ్డ. థైమస్ కణాల నుంచి పుట్టే గడ్డ ఇది. చాలావరకు నెమ్మదిగా పెరుగుతుంది గానీ పక్కకు పాకే గుణం ఉంది, వదిలేయకూడదు.

థైమిక్ కార్సినోమా: థైమస్ క్యాన్సర్. అరుదు, థైమోమా కంటే ఉధృతం.

థైమెక్టమీ: ‘ఎక్టమీ’ అంటే కోసి తీసేయడం. థైమస్‌ను తొలగించే ఆపరేషన్.

పసిపిల్లల ఎక్స్‌రేలో గుండె పక్కన పడవ తెరచాపలా నీడ కనిపిస్తే అది చాలాసార్లు మామూలు థైమసే. ఈ సంగతి సరిగా తెలియని రోజుల్లో, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, అమెరికాలో థైమస్ పెద్దగా ఉందని ఆరోగ్యంగా ఉన్న పసివాళ్లకు కూడా రేడియేషన్ ఇచ్చారు. వాళ్లలో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. మామూలు విషయాన్ని రోగం అనుకుంటే ఎంత నష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎప్పుడు జాగ్రత్తపడాలి?

థైమస్‌తో గట్టి సంబంధం ఉన్న జబ్బు మయస్తీనియా గ్రావిస్. నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాన్ని శరీరం సొంత యాంటీబాడీలే అడ్డుకుంటాయి. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, నమలడం, మింగడం కష్టమవడం దీని లక్షణాలు. విశ్రాంతి తీసుకుంటే కాస్త తగ్గుతాయి. అందుకే చాలామంది అలసట అనో, కంటి చూపు అనో అనుకుని ఆగిపోతారు. ఈ రోగుల్లో నూటికి 10–15 మందికి థైమోమా ఉంటుంది. కాబట్టి జబ్బు నిర్ధారణ అయ్యాక ఛాతీ స్కాన్ తీయిస్తారు. థైమోమా లేకపోయినా కొందరికి థైమెక్టమీ మేలు చేస్తుందని 2016లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తేల్చింది.

ఈ లక్షణాలుంటే చూపించుకోవాల్సింది న్యూరాలజిస్టుకు. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో న్యూరాలజీ విభాగాలున్నాయి. ఊపిరి ఆడకపోతే, మింగుడు పడకపోతే తెల్లవారేదాకా ఆగకూడదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మయస్తీనియా ఉన్నవాళ్లు మెడికల్ షాపులో సొంతంగా మందులు కొనకూడదు. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్, కొన్ని బీపీ మందులు కండరాల బలహీనతను పెంచగలవు. జబ్బు పేరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని, ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు అది చూపించడం మంచిది.

రమజాన్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఈ జబ్బుకు వాడే పిరిడోస్టిగ్మిన్ మాత్ర పని కొన్ని గంటలే ఉంటుంది, అందుకే రోజుకు చాలాసార్లు వేసుకోమంటారు. సహరీ నుంచి ఇఫ్తార్ దాకా మాత్ర లేకుండా ఉండగలరా లేదా అన్నది నెల మొదలుకాకముందే డాక్టర్‌ను అడగాలి. రోగికి షరీఅత్ రుఖ్సత్ ఇచ్చింది. డాక్టర్ వద్దంటే, ఆ తర్వాత ఖజా ఉంచాలా, ఫిద్యా ఇవ్వాలా అన్నది ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. సొంతంగా మాత్రలు మానేసి రోజా ఉండటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.